రెండు కపిలల బావి

సమాంతర రేఖలు ఎప్పటికీ కలవవు కదా అని ఎవరైనా నిట్టూరుస్తూ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మనసులు విరిగినవాళ్ళూ, ఆస్తులు పంచుకున్నవాళ్ళూ, సభల్లో ఉపన్యాసాలిచ్చేవాళ్ళూ అందరికీ ఆ రెండు గీతలే దొరుకుతాయి. వాళ్ళలో సగం మందికి గ్రాఫు కాగితం మీద ఒక్క గీత సరిగ్గా గీయడం రాదు. నా ఉద్యోగమంతా పిల్లలకు లెక్కలు చెప్పడంతోనే గడిచింది కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను. ఆ గీతల సంగతి నాకు సగం మా బావి చెప్పింది. మిగతా సగం చింతామణి హైస్కూల్లో జనార్దన మేష్టరు చెప్పారు. ఆ ఇద్దరి మధ్యా నా చదువు మునిగిపోబోయింది.

మా ఊరు అప్పటి మైసూరు సంస్థానంలో, బాగేపల్లి నుంచి చేలూరు పోయే దారిలో ఉంది. రాళ్ళగుట్టలు, వేరుశెనగ చేలు, అక్కడక్కడ ఒక బావి. కరెంటు లేని కాలం కాబట్టి నీళ్ళు తోడాలంటే కపిలే గతి. ఈ కాలం పిల్లలు కపిలను చూసి ఉండరు, అందుకని చెబుతాను. బావి అంచున ఎత్తుగా గట్టు కడతారు. ఆ గట్టు దగ్గర మొదలై వాలుగా కిందికి దిగే బాట ఒకటి ఉంటుంది. ఎద్దులు ఆ బాట మీద దిగుతూ మోకును లాగితే, తోలు తొండం ఉన్న పెద్ద బాన బావిలోంచి పైకి వచ్చి కాలువలో నీళ్ళు కుమ్మరిస్తుంది. తోలే మనిషి మోకు మీద కూర్చుని తన బరువు కూడా కలుపుతాడు. ఎద్దులు వెనక్కి వెనక్కి నడిచి మళ్ళీ గట్టు చేరితే బాన మళ్ళీ బావిలోకి దిగుతుంది. ఎద్దులు దిగితే నీళ్ళు ఎక్కుతాయి, ఎద్దులు ఎక్కితే బాన దిగుతుంది. పొద్దు పొడిచినప్పటి నుంచి ఎండ ముదిరేదాకా అదే పని.

మా బావికి రెండు కపిలలు ఉండేవి. పక్కపక్కనే రెండు బాటలు. వాటిని తవ్వించింది మా తాత. ఇద్దరు కొడుకుల ఎద్దులకూ భారం సమానంగా పడాలని రెండు బాటలకూ ఒకే వాలు పెట్టించాడట. ఆయన బతికి ఉన్నంతకాలం మా నాయన మునికృష్ణప్ప, పెద్దనాయన పిళ్ళప్ప ఒకరు దిగుతుంటే ఒకరు ఎక్కుతూ జోడుగా కపిల తోలేవాళ్ళు. రెండు బానల నీళ్ళూ ఒకే కాలువలో పడేవి. ఆ నీళ్ళను మళ్ళకు మళ్ళించడానికి, అంటే మడవ కట్టడానికి, మా చౌడమ్మ పెద్దమ్మ ఒక్కతే సరిపోయేది.

తాత పోయిన మూడో ఏడు అన్నదమ్ములు విడిపోయారు. ఎందుకని అడిగితే చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంటుంది. ఎవరిదో పెళ్ళిలో, నలుగురి ముందర, "మా తమ్మునికి మోకు ముడేసేది కూడా రాదు" అని పెద్దనాయన అన్నాడట. పదిమందీ నవ్వారట. అంతే. పొలాలు పంచుకున్నారు, ఇల్లు మధ్యలో గోడ పెట్టుకున్నారు. బావిని మాత్రం నరికి పంచడం కుదరదు కదా, అది ఉమ్మడిగా మిగిలింది. పెద్దనాయన ఊరుకోక తన బాట పొడవునా మట్టి పోయించి మూరెడు ఎత్తు లేపి, గట్టు కూడా మూరెడు ఎత్తు కట్టించుకున్నాడు. తమ్ముని కన్నా కింద నిలబడేది లేదని ఆయన పంతం. కాలువలు కూడా రెండయ్యాయి. మధ్యలో అడ్డుకట్టలాగా ఇంత మట్టి గెనిమ వేశారు. రెండు కాలువలూ పక్కపక్కనే, ఒకదానితో ఒకటి మాట్లాడకుండా పొలాల దాకా పోయేవి.

మనుషులు కూడా మాట్లాడుకునేవాళ్ళు కాదు. కానీ పక్కపక్క బాటల్లో రోజంతా పనిచేసేవాళ్ళకు మాట్లాడకుండా జరుగుతుందా? బావిలో నీళ్ళు తగ్గాయా, ఆకాశంలో మబ్బు పట్టిందా, చెప్పాలి కదా. అందుకని ఎద్దులతో మాట్లాడేవాళ్ళు. "ఒరే ఎర్రోడా, రేపు నేను సంతకు పోతాండా, కపిల కట్టను, ఎవరికన్నా నీళ్ళు ఎక్కువ కావాలంటే తోడుకోమను" అని మా నాయన తన ఎర్రెద్దుతో అనేవాడు. కాసేపటికి పక్క బాటలోంచి, "విన్నావా బసవా? వంకాయ మళ్ళకు రేపు నిండా కట్టుకుందాం" అని పెద్దనాయన గొంతు. ఎర్రోడూ బసవడూ పాపం చెవులు ఆడించుకుంటూ నిలబడేవి. వాటికున్నంత ఇంటి జ్ఞానం ఆ ఇంట్లో ఎవరికీ ఉండేది కాదని మా అమ్మ అనేది.

నేను మాత్రం చింతామణిలో మా హనుమక్క చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. చిన్నమ్మకు పిల్లలు లేరు, నన్ను తనే అడిగి తీసుకెళ్ళింది. హైస్కూలు చివరి ఏడు వచ్చేసరికి యుద్ధం ముదిరి పెట్రోలు దొరక్క బొగ్గు బస్సులు నడిచే రోజులు. మా తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే. రెండో అమ్మాయి పంకజ, లెక్కల మేష్టరుకు తమ్ముని కూతురు. నాకు కన్నడం చదువు బాగానే వచ్చు, ఇంగ్లీషు పరవాలేదు, లెక్కలు మాత్రం కూడికలున్నంతసేపే నా మాట వినేవి.

జనార్దన మేష్టరు కైవారం దగ్గర గుడి పూజారుల ఇంటివారు. తలపాగా, నల్ల కోటు, కోటు మీద ఎప్పుడూ సుద్దపొడి. పాఠం కన్నడంలో చెప్పేవారు, కోపం వస్తే తెలుగులో తిట్టేవారు, పేర్లన్నీ ఇంగ్లీషులో పలికేవారు. స్లోప్ అనీ ఇంటర్సెప్ట్ అనీ ఆయన నోటి నుంచి విన్నప్పుడు అవేవో దొరల ఇళ్ళలో తినే వస్తువులనుకున్నాను.

గ్రాఫులు మొదలుపెట్టినప్పుడు నేను గీసిన గీతలన్నీ అడ్డగీత, నిలువుగీత కలిసే మూలలోంచే బయలుదేరేవి. ఏ లెక్క ఇచ్చినా అంతే. ఒక రోజు మేష్టరు నా కాగితం ఎత్తి తరగతికంతా చూపించి, "అన్ని గీతలూ ఈ మూలలోనే ఎందుకమ్మా పుడుతున్నాయి? ఇదేమన్నా పురిటిల్లా?" అని అడిగారు. అందరూ విరగబడి నవ్వారు. పంకజ బల్ల మీద తల పెట్టుకుని మరీ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపులో కన్నడం రాక తెలుగులోనే చెప్పేశాను.

"బావి ఆడే కదా ఉండాది సార్. బావి దగ్గర మొదలుగాకుంటే బాట యాడికి పోతాది?"

మళ్ళీ నవ్వారు. మేష్టరు నవ్వలేదు. ఆయన కాసేపు నా మొహంకేసి చూసి, సుద్దముక్కను కోటుకు రుద్దుకుని, తెలుగులోనే అడిగారు. తిట్టకుండా ఆయన తెలుగు మాట్లాడటం మేము వినడం అదే మొదలు.

"మీది కపిల బావా?"

"అవును సార్. రెండు కపిలలు."

"బావికి గట్టు ఉండాదా?"

"గట్టు లేకుండా ఎట్ల సార్?"

"మరి నీ ఎద్దులు యాడ నుంచి దిగుతాండాయి? నేల మీద నుంచా, గట్టు మీద నుంచా?"

గట్టు మీద నుంచి. నాకు అప్పుడే వెలిగింది. మేష్టరు బోర్డు మీద నిలువుగీతను బావి అంచన్నారు. అడ్డగీతను నేలన్నారు. నిలువుగీత మీద నాలుగు గడులు పైకి లెక్కపెట్టి ఒక చుక్క పెట్టి, ఇదే గట్టు అన్నారు. అక్కడ నుంచి రెండు గడులు ముందుకు పోతే ఒక గడి కిందికి, మళ్ళీ రెండు ముందుకు ఒకటి కిందికి, చుక్కలు పెట్టుకుంటూ పోయి వాటిని కలిపారు. మా బావి బాట బోర్డు మీదికి వచ్చేసింది. ముందుకు పోయినదానికి ఎంత దిగావు అనేదే వాలు, దిగితే మైనసు, ఎక్కితే ప్లస్సు. ఎక్కడ నుంచి బయలుదేరావు అనేదే గట్టు. ఎంత గొప్ప గీతైనా ఈ రెండూ తెలిస్తే మన చేతికి చిక్కినట్టే అని చెప్పారు.

ఆ రోజు నుంచి మా తరగతిలో ఇంటర్సెప్ట్ అనే మాట చచ్చిపోయింది. అందరికీ అది గట్టే. మైసూరు నుంచి తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన "ఈ గీతకు ఇంటర్సెప్ట్ ఎంత?" అని అడిగితే ముందు వరుస వాడు లేచి "గట్టు మూడు సార్" అన్నాడు. ఆయన కన్నడాయన, తనకేదో గట్టిగా చెప్పారనుకుని తలూపి వెళ్ళిపోయాడు. మేము నెల రోజులు నవ్వుకున్నాం.

ఆ సంతోషంలోనే దసరా సెలవులకు ఊరికి పోయాను. పోయిన రెండో రోజు నాయన కపిల విప్పి వచ్చి, అరుగు మీద కూర్చుని, నా మొహం చూడకుండా చెప్పాడు.

"మడవ కట్టేదానికి మనిషి లేదు పాపా. మీ అమ్మకు నడుము పట్టుకునేసింది. ఒక్కణ్ణే కపిల తోలి, ఒక్కణ్ణే పోయి నీళ్ళు మళ్ళించేకి నా వల్ల కాలేదు. నడిమిట్ల వచ్చే పరీక్షలో ఎట్ల చేస్తావో చూస్తా. అన్నిట్లో పాసైతే చదువుకో. ఒక్కదాంట్లో తప్పినా ఇంటికి వచ్చేయల్ల. ఇది కోపంతో చెప్తాండే మాట కాదు."

కోపంతో అని ఉంటే నేను కూడా కోపంతో ఏదో ఒకటి అనేదాన్ని. ఆయన చేతులు చూశాను. మోకు కోసుకుని అరచేతులు ఎర్రగా ఉన్నాయి. నాకు చదువు మీద ఆశ ఎంత ఉందో ఆ సాయంత్రం తెలిసింది. అంతవరకూ చిన్నమ్మ ఇల్లూ, బడీ, పంకజ జడా, మేష్టరు సుద్దపొడీ అన్నీ ఎప్పటికీ ఉండేవనే అనుకున్నాను.

చింతామణికి తిరిగి వచ్చి ఒళ్ళు దాచుకోకుండా చదివాను. గీతలు ఇప్పుడు భయం పెట్టడం లేదు. పరీక్షలో ఆ లెక్కే వచ్చింది. రెండు సమీకరణాలు ఇచ్చారు. గీసి చూస్తే రెండూ కపిల బాటలే. రెండింటికీ రెండు గడులకు ఒక గడి దిగుడు. ఒకదాని గట్టు నాలుగు, రెండోదాని గట్టు ఐదు. అచ్చం మా బావే. నాలుగు గట్టుది నాయన, ఐదు గట్టుది పెద్దనాయన. వాలు మా తాత ఇచ్చింది, గట్టు పెద్దనాయన కట్టుకున్నది. ఆయన చేసింది ఇంతే కదా, గీతనంతా ఎత్తి ఒక గడి పైన పెట్టాడు. వాలు మార్చడం ఆయన వల్ల కాలేదు. సంతోషంగా గీశాను, పేర్లు కూడా రాయబోయి ఆగాను.

కింద ఇంకో ప్రశ్న ఉంది. "ఈ రెండు రేఖలు ఏ బిందువులో కలుస్తాయి? కారణం రాయండి."

నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. అప్పటిదాకా మేష్టరు పాయింటు అనే చెప్పేవారు. బిందువు అంటే నాకు తెలిసింది నీటి బొట్టే. తొండంలోంచి కాలువలో పడేటప్పుడు ఎగిరి మొహం మీద చింది పడేది బిందువు. కాగితం మీద చూస్తే గీతలు ఎక్కడా కలవడం లేదు. కానీ ఏ బిందువులో అని అడిగారంటే ఏదో ఒక బిందువు ఉండే ఉండాలి కదా? పరీక్షలో లేనిదాన్ని ఎందుకు అడుగుతారు? పెన్సిలు కొరుకుతూ ఆ రెండు బాటలనే చూస్తూ కూర్చున్నాను. ఎద్దులు కలవవు. మనుషులు కలవరు. మరి కలిసేది ఏది? నాకు ఇంకే సందేహం లేకపోయింది. రాశాను.

"గీతలు బాట మీద కలవవు. బావిలో కలుస్తాయి. కారణం, రెండు కపిలలు తోడేది ఒకే బావి నీళ్ళు."

ఆ ఒక్క జవాబు ఒప్పయి ఉంటే గట్టెక్కేదాన్ని. దానికి సున్న వచ్చింది, లెక్కల్లో రెండు మార్కులు తక్కువై తప్పాను. మేష్టరు నన్ను పిలిచి, "గీత ఇంత బాగా గీసినావు, బావి ఎందుకు తెచ్చినావమ్మా పరీక్షలోకి? సమాంతర రేఖలు కలవవు. వాలు ఒకటే అయితే వాటి మధ్య దూరం తగ్గదు, పెరగదు. అంతే" అన్నారు. నేను తల ఊపాను. నాకు అర్థమైంది కూడా. కానీ అప్పటికి అర్థమై ఏం లాభం?

చిన్నమ్మ దాచుదామంది. నేనే నాయనకు కబురు పంపించాను, మాట మాటే కదా అని. నాలుగో రోజుకు నాయన దిగాడు. తెల్లగా ఉతికిన పంచె, కొత్త తుండుగుడ్డ. బడికి అంత మర్యాదగా వచ్చాడు నన్ను మాన్పించడానికి. మేష్టరు ఆయన్ని కూర్చోమంటే కూర్చోలేదు. పేరు తీసేయమనే అర్జీని చిన్నమ్మ భర్త, మా చిన్నాయన చేత రాయించి తెచ్చాడు, దాన్ని చేతికిచ్చాడు. మేష్టరు చదివి, మడిచి, కోటు జేబులో పెట్టుకున్నారు.

"ఏం తప్పిందప్పా అయివారూ మా పాప? కష్టపడి చదువుతాండాదని అనిరే అందరూ."

"తప్పు పెద్దది కాదు మునికృష్ణప్పా. రెండు గీతలు ఇచ్చినా. ఒకటే వాలు, గట్లు వేరు. ఎప్పటికీ కలిసేవి కాదు. మీ పాప బావిలో కలుస్తాయని రాసింది."

"బావిలోనా?"

"రెండు కపిలలు తోడేది ఒకే బావి నీళ్ళు అని కారణం కూడా రాసింది."

నాయన తుండుగుడ్డ ఒకసారి తీసి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. నా వైపు చూడలేదు. నేను చిన్నమ్మ ఇంటికి పోయి పెట్టె సర్దుకున్నాను. చిన్నమ్మ ఏడ్చింది. పంకజ వచ్చి తన పెన్సిలు ఒకటి నా చేతిలో పెట్టి, ఏం చెప్పాలో తెలియక, "గట్టు మర్చిపోవద్దు" అని వెళ్ళిపోయింది.

బొగ్గు బస్సు చేలూరు దాటి మిట్ట దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే మూలిగి ఆగింది. మగవాళ్ళంతా దిగి తోయాలి, అది రోజూ ఉన్న ఆచారమే. నాయన దిగి తోశాడు. బస్సు పైకెక్కాక చెమటలు కక్కుతూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అప్పుడు అడిగాడు.

"బావిలో అని యాల రాస్తివి?"

"ఏ బిందువులో కలుస్తాయని అడిగినారు నాయనా. రెండు బాటలూ బావి కోసరమే కదా ఉండాది. ఇంక యాడ కలుస్తాయి?"

ఊరు వచ్చేదాకా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నామీద కోపమొచ్చిందనుకున్నాను.

మరుసటి రోజు పొద్దున్నే పార పట్టుకుని మడవ దగ్గర నిలబడ్డాను. మంచు ఇంకా పోలేదు. మా నాయన కపిల కట్టాడు, పక్కన పెద్దనాయన కట్టాడు. ఒకరు దిగుతుంటే ఒకరు ఎక్కుతున్నారు, తాత కాలంలో లాగానే. నీళ్ళు నా కాళ్ళ దగ్గరికి వచ్చాయి, ఒక మడి నిండింది, తెంపి రెండో మడికి కట్టాను. పంకజ ఇచ్చిన పెన్సిలు నడుములో దోపుకుని ఉన్నాను, అది గుచ్చుకుంటూనే ఉంది. అప్పుడు నాయన గొంతు వినిపించింది. మామూలు కంటే పెద్దగా.

"ఒరే ఎర్రోడా! మన పాప పరీక్షలో ఏం రాసిందో తెల్సునా? పక్కపక్కన రెండు బాటలు ఉండాయంట. వాలు ఒకటే అంట, గట్టు మాత్రం ఒకదానిది ఎత్తంట. అవి యాడ కలుస్తాయని అయివారు అడిగినాడు. బావిలో కలుస్తాయని రాసిందిరా పాప. తప్పని సున్న ఏసినాడు. చదువు మాన్పించి నేనే తోలుకొచ్చినా."

ఎర్రోడు దిగుతూనే ఉన్నాడు. పెద్దనాయన కపిల గట్టు దగ్గర ఆగిపోయింది. ఎక్కిన ఎద్దులను ఆయన దించలేదు. బాన బావిలోనే ఉండిపోయింది. నేను పార నేల మీద ఆనించి చూస్తున్నాను. పెద్దనాయన గట్టు మీద నుంచుని మోకును చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"బసవా," అన్నాడు చివరికి. "పాప రాసిందాంట్లో తప్పు యాడుందంట? అడుగు. ఆ అయివారు ఎప్పుడన్నా కపిల చూసినాడా? మా నాయన తవ్విన బావి చూసినాడా?"

"అది కాదురా ఎర్రోడా. తప్పో ఒప్పో, మడవ కట్టేకి నాకు మనిషి లేదు."

"మడవ కట్టేకి మనిషి లేదని పిల్ల చదువు మాన్పించినాడా బసవా? సిగ్గు లేదా అని అడుగు! మా చౌడమ్మ కాళ్ళు పడిపోయినాయా? మా నాయన ఉన్నప్పుడు రెండు బానల నీళ్ళూ ఒక్కతే కట్టలేదా?"

పెద్దనాయన గట్టు మీద నుంచే ఇంటి వైపు తిరిగి "ఏమే!" అని కేక పెట్టాడు. చౌడమ్మ పెద్దమ్మ చేటలో రాగులు చెరుగుతున్నదల్లా అలాగే లేచి వచ్చింది. ఆమెకు ఎవరూ ఏమీ వివరించలేదు, ఆమె అడగనూ లేదు. పొద్దున్నుంచి గోడ అవతల నుంచి అంతా వింటూనే ఉందేమో. సరాసరి నా దగ్గరికి వచ్చి నా చేతిలో పార లాక్కుంది.

రెండు కాలువల మధ్య గెనిమ ఆరేడేళ్ళది. గట్టిపడి గడ్డి మొలిచి ఉంది. పెద్దమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపి, రెండు కాళ్ళూ బాగా పాతుకుని పార ఎత్తి వేసింది. రెండో వేటుకు గెనిమ తెగింది. మా కాలువ నీళ్ళు, వాళ్ళ కాలువ నీళ్ళు ఒక్కసారి సుడి తిరిగి ఒకటైపోయాయి. ఎవరివి ఎవరివో చెప్పడానికి లేదు.

"ఇంగ ఒక్క మనిషి చాలు," అంది పెద్దమ్మ. "నువ్వు పో పాపా. పెట్టె విప్పినావా, లేదా?"

నేను విప్పలేదు. నేను అక్కడే కాలువలో కూర్చుని ఏడ్చాను. అంత సంతోషం నాకు మళ్ళీ జీవితంలో కలగలేదు, ఉద్యోగం వచ్చిన రోజు కూడా. నాయన కపిల తోలుతూనే ఉన్నాడు. మోకు మీద కూర్చుని దిగుతూ తుండుగుడ్డతో మొహం తుడుచుకుంటున్నాడు. చెమట పట్టే ఎండ ఇంకా రాలేదు. పెద్దనాయన బసవణ్ణి అదిలించాడు. రెండో బాన పైకి వచ్చింది.

రెండు రోజుల తరువాత బడిలో మేష్టరు ముందు నిలబడ్డాను. పేరు తీసేశారేమో అని భయపడుతూ అడిగాను. ఆయన కోటు జేబులోంచి మా నాయన అర్జీ తీసి చూసి, "అరెరే, ఆఫీసులో ఇవ్వడం మర్చిపోయినా" అన్నారు. ఆయన దేన్నీ మర్చిపోయే మనిషి కాదు. దాన్ని చింపి బుట్టలో వేసి, "ఈసారి పరీక్షకు వచ్చేటప్పుడు బావిని ఊళ్ళోనే పెట్టి రా" అని చెప్పారు.

మా నాయనా పెద్దనాయనా ఆ తరువాత కూడా ఎదురెదురుగా మాట్లాడుకున్నది తక్కువే. ఎర్రోడితో, బసవడితోనే మాట్లాడేవాళ్ళు. కానీ ఆ మాటలు మునుపటికన్నా పొడుగయ్యాయి. సెలవుల్లో నేను పోతే పొద్దున్నుంచి ఎండ ముదిరేదాకా ఆ ఎద్దుల పేర్లే వినిపించేవి. పెద్దనాయన గట్టు ఆ మూరెడు ఎత్తు అలాగే ఉండేది, ఎవరూ తగ్గించలేదు. ఒక రోజు మా నాయన మోకు జారిపోతే, పెద్దనాయన తన బాట దిగి వచ్చి, ఒక్క మాట లేకుండా ముడివేసి వెళ్ళిపోయాడు. నాయన ఆ ముడిని చేత్తో తడిమి చూసి, "గట్టి ముడిరా ఎర్రోడా" అన్నాడు.

మార్చిలో పెద్ద పరీక్ష రాయడానికి చిన్నమ్మతో కలిసి చింతామణి నుంచి చిన్న రైలెక్కి చిక్కబళ్ళాపురం పోయాను. లెక్కల పేపరు చేతికి రాగానే గీతల ప్రశ్న కోసం వెతికాను. ఉంది. వాలు ఒకటే, గట్లు వేరు, ఈ రెండు రేఖలు ఏ బిందువులో కలుస్తాయి అని. ఊరంతా వచ్చి నా బల్ల చుట్టూ నిలబడినట్టయింది. తొండంలోంచి నీళ్ళు పడే చప్పుడు, తడి మట్టి వాసన, నాయన అరచేతులు, పెద్దమ్మ పార. మంచులోంచి ఒక గొంతు "ఒరే ఎర్రోడా" అంటే, దానికి ఇంకో గొంతు "విన్నావా బసవా" అంటోంది. తరువాత, మేష్టరు చెప్పినట్టే, అవి సమాంతర రేఖలు కాబట్టి ఎక్కడా కలవవు అని శుభ్రంగా రాశాను.

గట్టెక్కాను. ఆ జవాబుకు నిండా మార్కులు వేసే ఉంటారు. కానీ మార్కుల కోసం రాశాను గానీ, ఆ మాట నేను నమ్మి రాయలేదు.